బిల్లులో లేని సీసా

"వద్దన్నానా! ఆ చెయ్యి వెనక్కి తీసుకో."

కృష్ణకుమారి దిండు మీంచి విసురుగా లేచి కూర్చుంది. మందు చుక్క రెప్ప మీద పడి, చెంప మీదుగా జారి, చెవి దగ్గర ఆగింది. సీసా పట్టుకున్న శ్రీవల్లి చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"అమ్మా, ప్లీజ్. రెండు గంటలకోసారి వెయ్యమని నిన్న డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది కదా?"

"చెప్పింది. ఆపరేషనైన తొమ్మిదో రోజుకి వాపు తగ్గాల్సింది పోయి పెరిగిందేమిటి, మందు సరిగ్గా వేస్తున్నారా అని కూడా అడిగింది. అప్పుడు నువ్వు గోడ మీద క్యాలెండరు చూశావు."

"నేనేం చూడలేదు. వేస్తూనే ఉన్నాగా రోజూ!"

"మొదటి నాలుగు రోజులూ కంట్లో పడితే చల్లగా ఉండేది. శుక్రవారం నుంచీ కారం కొట్టినట్టు మంట. మందు అదే, వేసే చెయ్యీ అదే. మరి ఈ మంట ఎక్కణ్ణించి వచ్చినట్టు?"

శ్రీవల్లి సీసా మూత బిగించింది. మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించింది. 

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దేశ రాజధానిలోని ఒక ప్రభుత్వ ఆఫీసులో నక్షలు గీస్తున్న మనిషి కృష్ణకుమారి. వెంట్రుకవాసి గీత పక్కకి జరిగినా ఆమె కన్ను పట్టేస్తుంది. ఆ కన్నే ఇప్పుడు నిప్పుకణికలా ఉంది. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. కుడికన్ను తేరుకోకపోతే ఆ టేబులూ ఉండదు, ఆ టేబుల్ని చూసి ఇచ్చిన ఆర్.కె. పురం క్వార్టరూ ఉండదు. భర్త పోయిన ఆరేళ్ళూ ఆమెను నిలబెట్టింది ఆ రెండే.

"మందుల షాపు బిల్లు ఇలా తీసుకురా," అంది.

"బిల్లు ఎందుకు ఇప్పుడు?"

"తీసుకురమ్మన్నాను."

బిల్లు ఆస్పత్రి ఫైల్లోనే ఉంది. కృష్ణకుమారి నల్లకళ్ళద్దాలు తీసి, ఎడమకన్నుకి భూతద్దం ఆనించి, బిల్లునీ సీసానీ కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టింది. పదమూడు, ఫిబ్రవరి, రెండువేల ఆరు. మందు పేరు ఒకటే. తయారు చేసిన కంపెనీ ఒకటే. కింద సన్నటి అంకెల దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"బిల్లులో బ్యాచ్ నంబరు చివర పదిహేడు. సీసా మీద నలభై రెండు."

"షాపువాడు తప్పు రాసుంటాడు."

"ఒక విడతలో తయారైన సీసాలన్నిటికీ ఒకే నంబరు ఉంటుందనీ, అమ్మిన సీసా నంబరే బిల్లులో ఎక్కుతుందనీ నాకు చెప్పింది ఎవరో తెలుసా? మీ ఆయనే." కృష్ణకుమారి భూతద్దం దించింది. "ఇది మనం కొన్న సీసా కాదు. ఎవరో మార్చారు."

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. శివకుమార్ టై కట్టుకుని, భుజాన తోలుబ్యాగుతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలీదు.

"ఏమైంది అత్తమ్మా?"

"మీరు తిరిగేది కంటి మందుల కంపెనీకే కదా బాబూ. ఈ మందు మీ బ్యాగులో ఉందా?"

అతను ఆమె వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. ఆ చూపు కృష్ణకుమారికి అస్సలు నచ్చలేదు.

"ఉన్నయి. శాంపిల్స్ గద, ఎప్పటికీ ఉంటయి."

"ఎన్ని ఉన్నాయి?"

"చూడాలె." బ్యాగు పట్టీ సర్దుకున్నాడు. "నాకు టైమైతాంది."

అతను మెట్లు దిగుతున్న చప్పుడు మెల్లగా తగ్గిపోయింది.

"నాకు మధ్యాహ్నం షిఫ్టు. తలస్నానం చేసి కాసేపు పడుకుంటా," అంటూ శ్రీవల్లి లేచింది. సీసానీ బిల్లునీ అలమారలో పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

*

కృష్ణకుమారి బాల్కనీలో కుర్చీ వేసుకుంది. ఎండ హాయిగా ఉంది. కింది వాటాలో లీలావతి గడప దగ్గర పళ్ళెం పెట్టుకుని బఠానీలు ఒలుస్తోంది. ఆ మనిషి మొన్న అన్న మాట ఆమె చెవిలో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "మీ అల్లుడుగారికి ఆఫీసు పార్కులోకి మార్చారా ఏమిటి వదినగారూ? వారంలో మూడుసార్లు చూశాను అక్కడే." ఆవేళ తను నవ్వేసి ఊరుకుంది.

ఇవాళ నవ్వు రావడం లేదు.

మూడు నెలల కిందట కూతురూ అల్లుడూ లక్ష్మీనగర్లో శుభ్రమైన ఇల్లు ఖాళీ చేసి వచ్చేశారు. అత్తమ్మకి తోడుగా ఉంటమన్నాడు శివకుమార్. అప్పటికి ఆపరేషన్ మాటే లేదు. ఒకప్పుడు అన్నం తింటున్నా మోగుతూ ఉండే అతని ఫోను ఇప్పుడు రోజుకి ఒకటి రెండుసార్లు కూడా మోగడం లేదు. పొద్దున్నే టై కట్టుకుని వెళతాడు, సాయంత్రం బూట్లకి దుమ్మయినా అంటకుండా వస్తాడు. డాక్టర్ల చుట్టూ తిరిగే ఉద్యోగంలో దుమ్ము అంటదా?

ఇప్పుడీ సీసా.

పనికిరాని పాత మందు అంటగట్టి కొత్తది ఎవరికైనా ఇచ్చేశాడా? లేక కంపెనీ మందు ఎలా పనిచేస్తుందో తన కంటి మీద చూసుకుంటున్నాడా?  కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాణ్ణి కూతురు ఇష్టపడి చేసుకుంటానన్న రోజున తను అడ్డు చెప్పలేదు. చెప్పాల్సిందేమో.

ఫ్రిజ్ తలుపుకి అతని విజిటింగ్ కార్డు అంటించి ఉంది. కృష్ణకుమారి హాల్లోకి వెళ్ళి ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"శివకుమార్ జీ?" అవతల ఆడగొంతు ఆశ్చర్యపోయింది. "వో తో ఛోడ్ గయే, ఆంటీజీ. నవంబరులోనే మానేశారు."

కృష్ణకుమారి ఫోను పెట్టెయ్యలేదు. తను కంటికి వేసుకుంటున్న మీ మందు మండుతోందని, సీసా మీద ఫలానా బ్యాచ్ నంబరు ఉందని వచ్చిన హిందీలో చెప్పింది. నంబరు వినగానే అవతల మాట ఆగిపోయింది. ఎవరితోనో గుసగుస వినపడింది. తర్వాత ఒక మగగొంతు వచ్చింది, తేనె పూసినట్టు ఉంది.

"మేడమ్, ఆ సీసా మీ దగ్గరే ఉందా? దయచేసి పారెయ్యకండి. సగం వాడారా? మిగిలింది అలాగే ఉంచండి. ఎవరిచ్చారు మీకది?"

"మీ దగ్గర పనిచేసిన శివకుమార్ మా అల్లుడు."

"అచ్ఛా!" ఆ ఒక్క మాట చాలా సాగింది. "అడ్రసు చెప్పండి మేడమ్. మా మనిషి గంట, గంటన్నరలో కొత్త సీసా తెచ్చిస్తాడు. పాతది అతనికి ఇచ్చెయ్యండి, చాలు."

సెక్టారు, బ్లాకు, ఇంటి నంబరు అన్నీ వరసగా చెప్పింది. పరాయివాడికున్న శ్రద్ధ ఇంట్లోవాళ్ళకి లేకపోయిందే అనుకుంది. మూసిన తలుపు వైపు చూసి, "మార్కెట్ దాకా వెళ్ళొస్తా," అని కేకేసి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కొంగు తలమీదుగా కప్పుకుని మెట్లు దిగింది.

*

కంపెనీ మనిషి తెచ్చేదాకా ఆగకుండా, ముందు మందుల షాపులో అదే మందు కొత్త సీసా కొంది. బ్యాచ్ నంబరు రెండుసార్లు పైకి చదివించుకుంది. ఆ తర్వాత పార్కు వైపు నడిచింది.

శివకుమార్ అక్కడే ఉన్నాడు. నీటికుళాయి పక్కన సిమెంటు బెంచీ మీద, టై విప్పి జేబులో కుక్కుకుని, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన చిన్నచిన్న అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. అత్తగారిని చూసి లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయాడు.

"ఎవరికి అమ్ముతున్నారు బాబూ ఇవి?"

"అమ్ముడా?" అతని మొహం పాలిపోయింది. "అత్తమ్మా, నేను..."

"మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నవంబరులోనే మానేశారట. మూడు నెలలుగా రోజూ టై కట్టుకుని నా ఎదుటే నాటకం ఆడారు. అది పోనీ. నా కంట్లో ఏం పోయించారు?"

శివకుమార్ వరసలోంచి ఒక పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. సీలు విప్పలేదు. భూతద్దం లేకపోయినా చివరి రెండంకెలు ఆమెకి కనిపించాయి. నలభై రెండు.

"అక్టోబర్ల హర్యానా దిక్కు తిరుగుతున్నప్పుడు ముగ్గురు డాక్టర్లు చెప్పిన్రు అత్తమ్మా. ఈ నంబరు సీసాలు వాడినోళ్ళకు వాపు తగ్గుడు కాదు, కండ్లు ఇంకింత ఎర్రగైతున్నయని. నేను కాయితం మీద రాసి కంపెనీకి పంపిన. మేనేజర్ పిలిచి, నీ దగ్గరున్న సీసాలు తెచ్చియ్యి, ఆ కాయితం వాపస్ తీస్కో అన్నడు. ఇయ్యనన్న. నౌకరి ఇడ్సిపెట్టి వచ్చిన."

"ఇవి..."

"సాక్ష్యం కింద, సబూతుగ దాచిన. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు అప్పజెప్పాలె. రెండు నెలలు తిరిగితే గీ శుక్రవారం రమ్మన్నడు."

కృష్ణకుమారి బెంచీ చివర కూర్చుంది. నమ్మాలనిపించింది. అంత తేలిగ్గా నమ్మెయ్యడానికి మనసొప్పలేదు.

"ఇదంతా నిజమైతే, ఆ పాడు సీసా నా అలమారలోకి ఎలా వచ్చింది?"

"పన్నెండు ఉండాలె. పొద్దున మీరు ఎన్ని అని అడిగినంక ఈడికొచ్చి చూసిన. పదకొండే ఉన్నయి." అతను తల వంచుకున్నాడు. "వెంటనే శ్రీవల్లికి ఫోన్ చేసిన, ఆ మందు ఇగ వెయ్యకు, ముట్టకు అని. ఎందుకని అడిగింది. చెప్పలేకపోయిన. ఇంటికొచ్చి మీకేం చెప్పాలెనో తెల్వక ఈడనే కూసున్న."

"పన్నెండోది ఎవరు తీశారు?"

 శివకుమార్ పెట్టెల్ని ఒక్కొక్కటిగా బ్యాగులో సర్దడం మొదలుపెట్టాడు.

కృష్ణకుమారికి అంతా తెలిసిపోయింది. ఇంట్లో ఉండేది ముగ్గురు. తను తియ్యలేదు. అతను తీసి ఉంటే ఇలా కూర్చోడు.

"ఆమెను ఏమనకుండ్రి అత్తమ్మా," అన్నాడు చివరికి. "నౌకరి పోయిన సంగతి ఆమెకు చెప్పి ఉంటే ఈ సీసాల సంగతి గూడ చెప్పేవాణ్ణి. తప్పు నాదే. ఆమెకేం తెలుసు, మంచి మందే అనుకున్నది."

"అనుకుంటే, పొద్దున్న నేను బిల్లు చూపించి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు? మీ మీద అనుమానం పడుతున్నా నోరెత్తకుండా ఎందుకు నిలబడింది?"

"మీరంటే భయం," అన్నాడు శివకుమార్ మెల్లగా. "నాకు గూడ."

ఆ మాటకి కృష్ణకుమారికి కోపం రావాలి. రాలేదు. మంట మాత్రం మళ్ళీ మొదలైంది. రెప్ప వాలిపోతోంది. పొద్దుట్నుంచీ కంట్లో మందు పడలేదు.

సంచీలోంచి కొత్త సీసా తీసి అతనికిచ్చింది. "వెయ్యండి."

శివకుమార్ ఆమె మొహంలోకి చూశాడు. లేచి కుళాయి దగ్గర మోచేతుల దాకా రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. గాలికి ఆరనిచ్చాడు. సీసా మూత విప్పాడు.

"నంబరు చూసిన్రా అత్తమ్మా?"

"చూశాను. మీరూ చూడండి."

చూశాడు. కింది రెప్పని వేలితో సుతారంగా లాగి ఒక్క చుక్క వదిలాడు. చల్లగా ఉంది. కృష్ణకుమారి కళ్ళు మూసుకుని ఆ చల్లదనం మొత్తం లోపలికి దిగేదాకా కదలకుండా కూర్చుంది.

"ఇంట్ల ఉన్న ఆ సీసా జాగ్రత్త," అంటున్నాడు శివకుమార్. "సీలు ఇప్పని పదకొండు ఒకెత్తు, అదొక్కటి ఒకెత్తు. అది నిజంగ ఒక మనిషి కంట్ల పడ్డ మందు. డాక్టరమ్మ రాసిన కాయితం గూడ ఉన్నది. ఆ రెండు కలిపి చూపెడితే వాళ్ళు తప్పించుకోలేరు. ఆ సీసా కంపెనీవాళ్ళ చేతికి పోతే మాత్రం..."

కృష్ణకుమారి కళ్ళు తెరిచింది.

తేనె పూసిన గొంతు చెవిలో మళ్ళీ వినిపించింది. సీసా ఉందా అన్నాడు, పారెయ్యకండి అన్నాడు, మిగిలింది ఉంచండి అన్నాడు, మా మనిషికి ఇచ్చెయ్యండి అన్నాడు. అన్నిసార్లు సీసా గురించి అడిగిన మనిషి కన్ను ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.

"లేవండి," అంది గబుక్కున నిలబడి. "నేను వాళ్ళకి అడ్రసు ఇచ్చాను."

*

మెట్లెక్కేసరికి కృష్ణకుమారికి ఆయాసం తన్నుకొచ్చింది. శివకుమార్ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. హాల్లో బల్ల మీద రెండు టీ కప్పులున్నాయి. ఒకటి ఖాళీ. రెండోది ముట్టుకోలేదు.

శ్రీవల్లి గుర్గావ్ వెళ్ళడానికి తయారై, మెడలో ఆఫీసు కార్డు వేసుకుని నిలబడి ఉంది. తల్లీ, భర్తా కలిసి రావడం చూసి ఒకడుగు వెనక్కి వేసింది.

"ఎవరొచ్చారు?" అంది కృష్ణకుమారి.

"ఈయన ఆఫీసు నుంచి. చాలా మర్యాదస్తుడు అమ్మా. నువ్వే ఫోన్ చేసి రమ్మన్నావన్నాడు. కొత్త సీసా ఇచ్చాడు, చూడు."

కృష్ణకుమారి ఆగలేదు. అలమార తలుపు లాగింది. బిల్లు ఉంది. ఇంకో మందు ఉంది. ఆ సీసా లేదు.

"పాతది?"

"ఇచ్చేశాను," అంది శ్రీవల్లి. "దాన్ని ముట్టుకోవద్దని ఈయనే ఫోన్ చేశారు కదా. ఇంట్లోంచి పోతే పీడా విరగడవుతుందనుకున్నా."

శివకుమార్ బ్యాగు కింద పెట్టకుండానే గోడకి ఆనుకున్నాడు.

"అది ఎక్కడిదని అడిగాడా?" కృష్ణకుమారి మాటలు ఒక్కొక్కటీ విడిగా వచ్చాయి.

శ్రీవల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గురువారం సాయంత్రం మనం కొన్న సీసా బాత్రూంలో నా చెయ్యిజారి పడిందమ్మా. మూతి తెగిపోయింది. నువ్వు తిడతావని చెప్పలేదు. అదే మందు ఈయన బ్యాగులో ఉంటే ఒకటి తీశాను. అప్పట్నుంచీ నీ కన్ను చూస్తుంటే నాకు నిద్ర లేదు. పొద్దున్న నువ్వు బిల్లు చూపిస్తే నోరు పెగల్లేదు. ఇందాక వచ్చినతను కూర్చుని మెల్లగా అడిగాడు. చెప్పేశాను."

వారం రోజులుగా కన్నతల్లికి చెప్పని మాట ముక్కూ మొహం తెలియని మనిషికి టీ ఇచ్చి మరీ చెప్పింది. కృష్ణకుమారికి అరవాలనిపించింది. భయమన్న మాట గుర్తొచ్చి గొంతులోనే ఆగిపోయింది.

"ఇంకేం అడిగాడు?" అన్నాడు శివకుమార్.

"ఇంకా సీసాలున్నాయా అన్నాడు. బ్యాగులో ఉంటాయన్నాను. ఒక కాగితం రాసుకున్నాడు."

"ఏం కాయితం?"

"ఫార్మాలిటీ అన్నాడు. కంపెనీకి తెలియకుండా మీరు తెచ్చుకున్న శాంపిల్ అనీ, సీలు తీసింది ఇంట్లోవాళ్ళే అనీ ఏదో ఇంగ్లీషులో ఉంది. పైపైన చదివాను. కింద క్యాబ్‌వాడు హారన్ కొడుతున్నాడు. కాపీ తర్వాత పంపిస్తానన్నాడు."

మళ్ళీ ఇప్పుడు కూడా కింద హారన్ మోగింది. 

"సంతకం పెట్టినవా?"

శ్రీవల్లి తలూపింది.

"నీ ఒక్కదానిదేనా?" అంది కృష్ణకుమారి. "వాడిన మనిషి సంతకం కూడా కావాలనలేదూ?"

శ్రీవల్లి మెడలోని కార్డుని వేళ్ళతో నలుపుతూ, భర్త వైపూ చూడలేక, తల్లి వైపూ చూడలేక, నేల చూపులు చూసింది.

"అన్నాడు," అంది. "రెండూ నేనే పెట్టాను."